ఫైలు మీద డాక్టరు సంతకం ఎక్కడ?

సంధానకర్త: నమస్కారం. క్వారీకో ఫ్యాక్టరీకో అనుమతి ఇచ్చేటప్పుడు చుట్టుపక్కల ఊళ్ల ఆరోగ్యం ఎవరి బాధ్యత? ఛాతీ వ్యాధుల వైద్యురాలు, పర్యావరణ కేసులు వాదించే న్యాయవాది, అనుమతుల విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజనీరు మనతో ఉన్నారు. డాక్టరు గారూ, మీతో మొదలుపెడదాం.

వైద్యురాలు: మొన్న ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో నాలుగు ఎక్స్‌రేలు. రెండు దఫాలు టీబీ మందులు మింగాడు, దగ్గు మాత్రం పోలేదు. ఏం పని చేస్తావని అడిగాను. పన్నెండేళ్లుగా రాళ్ల క్రషర్‌లో అన్నాడు. అది సిలికోసిస్. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేసిన మచ్చలను చెరిపే మందు లేదు. చట్టం ప్రకారం ఇది ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బు. ఆ ఎక్స్‌రేలు చూసినవాళ్లెవరూ ఆయన్ను ఏం పని చేస్తావని అడిగినట్టు లేదు.

ఇంజనీరు: అది కార్మికుల సంగతి, దానికి వేరే శాఖ ఉంది. పర్యావరణ అనుమతికి కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ఉంది. గాలి, నీరు, మట్టి, శబ్దం అన్నీ కొలిచి నివేదిక ఇస్తారు.

న్యాయవాది: ఎవరు ఇస్తారండీ? కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు. నేను చూసిన నివేదికల్లో ఆరోగ్యం అన్న శీర్షిక కింద ఏముంటుందో చెప్పనా? దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎన్ని కిలోమీటర్లు, అందులో పడకలు ఎన్ని. ఊళ్లో ఉబ్బసం ఎందరికుందో ఉండదు.

ఇంజనీరు: ప్రజాభిప్రాయ సేకరణ ఉంది కదా. ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి, కలెక్టరో అదనపు కలెక్టరో అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి.

న్యాయవాది: ఆ నోటిఫికేషన్‌లోనే ముసాయిదా నివేదిక ఎవరెవరికి పంపాలో రాసి ఉంది. కలెక్టరు, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కార్యాలయం. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి పేరు ఆ జాబితాలో లేదు. పరిశ్రమల శాఖకు వెళ్లే కాగితం ఆసుపత్రికి వెళ్లదు.

సంధానకర్త: ముందే ఆరోగ్య లెక్క తీయకపోతే వచ్చే నష్టం ఏమిటి?

వైద్యురాలు: తర్వాత ఏం జరిగినా రుజువు చేయలేం. హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు చూడండి. అక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అది శుద్ధి చేసిన నీళ్లు, గుర్తుపెట్టుకోండి! మందులకు లొంగని బాక్టీరియాను చేతులారా పెంచుతున్నట్టే. కానీ ఫలానా ఊళ్లో ఫలానా జబ్బు దీనివల్లే అని చెప్పాలంటే, ఫ్యాక్టరీలు రాకముందు ఆ ఊరు ఎలా ఉందో ఎవరైనా రాసిపెట్టాలి కదా.

ఇంజనీరు: మీరు అన్నీ పరిశ్రమ మీదే వేస్తున్నారు. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ అనే విషవాయువు లీకై పన్నెండు మంది పోయారు. ఘోరమే. కానీ ఆ ఫ్యాక్టరీ 1961 నాటిది. ఇళ్లు తర్వాత దాని చుట్టూ వచ్చాయి.

న్యాయవాది: ఇళ్లు వాటంతట అవి నడిచి రాలేదు కదండీ! ఫ్యాక్టరీ ఫైలు ఒక ఆఫీసులో, లేఅవుట్ ఫైలు ఇంకో ఆఫీసులో. ట్యాంకులో ఏముందో, అది పగిలితే గాలి ఎటు వీస్తుందో లేఅవుట్ మీద సంతకం పెట్టే అధికారిని ఎవరైనా అడిగారా? తెల్లవారుజామున నిద్రలో ఉన్నవాళ్లకు ఫ్యాక్టరీ ముందా, ఇల్లు ముందా అన్న వాదన ఎందుకు?

(కొద్దిసేపు ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

సంధానకర్త: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. ఇంజనీరు గారూ, సూటిగా అడుగుతాను. మీ సర్వీసులో ఎన్నో ప్రజాభిప్రాయ సేకరణలు చూసి ఉంటారు. వాటిలో ఎన్నిటికి డాక్టరును పిలిచారు?

ఇంజనీరు: (కాసేపు ఆగి) ఒక్కదానికి. మే నెల. షామియానా కింద వడదెబ్బ తగులుతుందేమోనని పిలిపించాం.