రుజువు చూపించాక ఏం జరుగుతోంది?

అందరికీ నమస్కారం.

గ్యాస్‌లైటింగ్ అనే మాట ఈమధ్య కాలేజీ క్యాంటీన్లలోనూ రీల్స్‌లోనూ తెగ నలుగుతోంది. భర్త ఏదైనా మర్చిపోయినా, స్నేహితురాలు మాటకు అడ్డొచ్చినా అదే పేరు పెట్టేస్తున్నారు. కాబట్టి ముందు ఏది కాదో చెబుతాను. ఒకే సంగతి ఇద్దరికి రెండు రకాలుగా గుర్తుండటం మామూలే. తలుచుకున్న ప్రతిసారీ మెదడు జ్ఞాపకాన్ని కొంత కొత్తగా కట్టుకుంటుంది. ఉత్త అబద్ధం కూడా దీని కిందకి రాదు. అబద్ధం ఒక విషయాన్ని దాస్తుంది. గ్యాస్‌లైటింగ్ మీ కళ్ల మీద, చెవుల మీద మీకే నమ్మకం పోగొడుతుంది.

మన విశాఖ మద్దిలపాలెంలో ఒక జంట అనుకోండి. ఆదివారం గాజువాకలో ఆమె చెల్లెలి గృహప్రవేశం.

"ఎనిమిదికల్లా బయల్దేరదామన్నారు కదండీ?"

"నేనెప్పుడన్నాను? ఈమధ్య నీకేదీ గుర్తుండటం లేదు. డాక్టరుకి చూపించుకో."

ఆమె బుధవారం నాటి వాట్సాప్ మెసేజి తీసి చూపించింది. అసలు చూడాల్సింది ఇక్కడే. మామూలు మనిషైతే "అరె, మర్చేపోయాను" అంటాడు, లేదా గొణుక్కుంటూనే బండి తీస్తాడు. ఇతను మాత్రం "ఓహో, నా మీద సాక్ష్యాలు పోగేస్తున్నావా? ఇంత అనుమానం పెట్టుకున్న మనిషితో నేనెలా బతకాలి?" అంటాడు. పది నిమిషాల్లో గృహప్రవేశం గాల్లో కలిసిపోతుంది, ఆమే సారీ చెబుతుంది. కాదనడం, ఎదురు దాడి చేయడం, చివరికి తానే బాధితుడైపోవడం. అమెరికన్ మనస్తత్వవేత్త జెన్నిఫర్ ఫ్రైడ్ 1997లో ఈ వరసకి 'డార్వో' అని పేరు పెట్టారు.

మర్నాడు మల్లెపూలొస్తాయి, బీచ్ రోడ్డులో ఐస్‌క్రీమూ ఉంటుంది. "అంత కష్టమైతే వచ్చెయ్యొచ్చుగా" అనేవాళ్లకి అర్థం కానిది ఇదే. ఆ మంచి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడే మనసు దానికోసం మరింత గట్టిగా కాచుకు కూర్చుంటుంది.

ఇది మగవాళ్లే చేస్తారనుకోకండి. భార్యలు, అత్తలు, ఆఫీసులో పైవాళ్లు, అందరిలోనూ ఉన్నారు.

అనుమానం ఉంటే ఒక నెల రాసి చూడండి. తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా, ఆ తర్వాత జరిగింది. ఏ రోజుది ఆ రాత్రే. "అవమానించాడు" అని రాస్తే రెండు వారాల తర్వాత మీకే అనుమానమొస్తుంది. "పులుసు బాగాలేదని కంచం తోసేశాడు, పిల్లలు చూశారు" అని రాయండి. పుస్తకం ఇంట్లో కాకుండా నమ్మకమైనవాళ్ల దగ్గరో, ఆఫీసు డ్రాయరులోనో ఉంచండి. ఫోన్‌లో రాసేవాళ్లు ముందు వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిచి, మీది కాని కంప్యూటరేదైనా కనిపిస్తే లాగౌట్ చేయండి. గూగుల్ పాస్‌వర్డ్ కూడా మార్చండి.

చాలామంది దెబ్బతినేది ఆ పుస్తకాన్ని గొడవ మధ్యలో బయటపెట్టి. అది వాదన గెలవడానికి కాదు, మీ మీద మీకు నమ్మకం నిలబడటానికి. "నువ్వు గ్యాస్‌లైటింగ్ చేస్తున్నావు" అనీ అనొద్దు, వారం తిరక్కుండా ఆ మాట మీ మీదకే వస్తుంది. "నాకలా గుర్తులేదు, ఇప్పుడు వాదించను" అని లేచి వెళ్లిపోవడం మేలు. లేవనిస్తారన్న నమ్మకం లేకపోతే అదీ వద్దు, ముందు బయట సాయం చూసుకోండి. జంటగా కౌన్సెలింగుకి పరిగెత్తకండి, మొదట ఒంటరిగా వెళ్లండి. పక్కన అతనుంటే మీరు నోరు విప్పలేరు, విప్పినా ఇంటికెళ్లాక దానికి లెక్క అడుగుతారు.

ఒంటి మీద దెబ్బ కనిపిస్తేనే కేసు అనుకుంటాం. 2005 గృహహింస చట్టం సెక్షన్ 3లో మాటలతో, మానసికంగా, డబ్బు ఆపి పెట్టే హింసలు కూడా ఉన్నాయి. పెళ్లి కాకుండా భార్యాభర్తల్లా కలిసి ఉన్న స్త్రీకీ ఇది వర్తిస్తుంది. సెక్షన్ 12 కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెడితే మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లో ఉండాలి, అక్కణ్నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆచరణలో వాయిదాలు పడతాయి. ఆ లెక్క నమ్ముకుని ఇల్లు ఖాళీ చేయకండి.

మహిళలకు 181, ప్రాణభయముంటే 112. న్యాయసహాయానికి 15100, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం. మనసు గురించి మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, 24 గంటలూ, మగవాళ్లకీ ఆడవాళ్లకీ. "నీకు పిచ్చి" అని రోజూ వినేవాళ్లకి వాల్తేరు మానసిక ఆసుపత్రి గేటు దాటడం ఎంత కష్టమో మన ఊళ్లో అందరికీ తెలుసు. అలాంటివాళ్లు ఈ ఫోన్‌తో మొదలుపెట్టండి. మాట్లాడాక కాల్ లిస్టులోంచి ఆ నంబరు తీసేయండి.