బాత్రూం గడియ ఊడపీకుండ్రి, తలుపుకు రంగెయ్యనియ్యిండ్రి

వేదిక మీదున్న పెద్దలకు, కాలనీ కమిటీకి, ఆశా అక్కలకు, మహిళా సంఘాలను చూసే మెప్మా ఆర్పీలకు, ముందు వరుసల కూసున్న అవ్వలకు, తాతలకు నమస్కారం. అక్టోబర్ 1 వృద్ధుల దినం గనుక శాలువాలు కప్పినం, మంచిదే. కప్పించుకున్నోళ్ల ఇంట్ల బాత్రూం ఎట్లున్నది? మతిమరుపొచ్చిన పెద్దోళ్లకు బాత్రూం, ఇంటి తలుపు ఎట్లుండాలె, నేను దాని గురించే మాట్లాడుత.

మన దేశంల 60 దాటినోళ్లల్ల నూటికి ఏడుగురికి పైగానే డిమెన్షియా, అంటే మతిమరుపు రోగం, ఉంటదని 2023ల అచ్చయిన అంచనా. గీ కాలనీల సుత ఉంటరు. ఇంట్లోళ్లు చాదస్తం అనుకొని ఊకుంటరు. నెలలు, ఏండ్ల మీద మెల్లగ పెరిగితే డిమెన్షియా అయి ఉండొచ్చు. నిన్నటిదాక మంచిగున్న మనిషి ఇయ్యాల కొడుకును గుర్తుపడ్తలేడంటే అది వేరే సంగతి. మూత్రంల ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం పడిపోయి ఉండొచ్చు, మొన్నెప్పుడో కిందపడితే తలల రక్తం గూడుకట్టి ఉండొచ్చు. అదే రోజు వరంగల్ ఎంజీఎం దవాఖానకు తీస్కపోవాలె. మెల్లగ వచ్చినా బీ12, థైరాయిడ్ పరీక్షలు చేపియ్యాలె, అవి తక్కువైనా మతిమరుపు వస్తది. రాత్రి పడుకుంటలేరని ఆర్ఎంపీ దగ్గర నిద్రగోలీలు మాత్రం తేకుండ్రి. ఆ మత్తుల లేచి పడితే తుంటి ఇరుగుతది.

ఇగ ఇల్లు. మనకిచ్చిన డబల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు, ఈ రోగానికి చిన్నదేం కాదు, నయమే. మంచం దిగితే బాత్రూం దగ్గర్నే ఉంటది. కని కనపడాలె గదా! తలుపు సగం తెరిచి, లోపల లైటు ఉంచుండ్రి. అర వాట్ ఎల్ఈడీ బల్బు నెలంత రాత్రిళ్లు వెలిగినా పావు యూనిట్ కాలది. బాత్రూం ముందల నల్లటి మ్యాట్ ఉంటే తీసెయ్యిండ్రి, వాళ్ల కండ్లకు అది గుంతలెక్క కనపడ్తది. దాటనీకి భయపడి ఆడనే నిలవడ్తరు, బట్టలు ఖరాబైతయి, మనం తిడ్తం.

లోపలి గడియ ఊడపీకుండ్రి. నాలుగు స్క్రూలు, అంతే. గడియ పెట్టుకొని ఎట్ల తియ్యాల్నో మర్చిపోతరు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే ఇంకా కష్టం, పడ్డ మనిషే తలుపుకు అడ్డం ఉంటడు. మడతబందులు మార్పిచ్చి బయటికి తెరుచుకునేటట్టు చేపియ్యిండ్రి. కమోడ్ పక్కన స్టీల్ రాడ్ ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళం మందం, నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తుల ఉండాలె. టవల్ రాడ్‌తోని సరిపెట్టకుండ్రి. స్క్రూకు పెట్టే ప్లాస్టిక్ గట్టాల మీద నిలవడ్డది మనిషి బరువు పడంగనే ఊడొస్తది. యాంకర్ బోల్టు టైల్ దాటి గోడలకు దిగాలె. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ బంద్. ఒక్కరినే లోపల పెట్టి బయట తాళమేసుడు మాత్రం వద్దు, నిప్పంటుకుంటే ఎటు పోతరు?

గివన్నీ మీరు చేస్తరు. మీతోని కానిది ఇంకోటుంది.

డ్రా తీసి ఇండ్లు పంచిన్రు. చిట్టీల మూడో అంతస్తు వస్తే ఎనభై ఏండ్ల అవ్వకైనా మూడో అంతస్తే. ముసలోళ్లు, వికలాంగులు ఉన్న కుటుంబాలకు వీలైనంత వరకు కింది అంతస్తులియ్యాలని ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ మార్గదర్శకాలల్ల రాసే ఉన్నది. చదివినోళ్లెవరు? ఇగ ఏ బ్లాకు జూసినా ఒక్కతీరు. అదే రంగు, అవే మెట్లు, అదే తలుపు. పాత బస్తీల ఇంటి ముందల వేపచెట్టు ఉండె, పక్కకు కిరాణం ఉండె, అవ్వ కండ్లు మూసుకొని ఇల్లు చేరేది. ఇక్కడ పాలకని దిగి పైకొస్తే ఎవరి తలుపు కొట్టాల్నో తెల్వది. కొడితే లోపలోళ్లు కసురుకుంటరు. నంబరు పలక చదివి గుర్తుపట్టే శక్తి పోయినంక సుత రంగు, వస్తువు గుర్తుంటయి. అర లీటరు ఎనామిల్ రంగు తలుపు బయటివైపు రెండు పూతలకు సరిపోతది. పక్కన వాళ్ల పాత చాట తగిలియ్యిండ్రి. గీ మాటంటే లుక్కు పాడైతదని ఒద్దంటున్నరట. ఎవరి లుక్కు? కమిటీ పెద్దలు చెప్పాలె. నవ్వకుండ్రి సార్, నిజంగనే అడుగుతున్న.

ఆజంజాహి బట్టల మిల్లుల పనిచేసినాయన ఉంటే పొద్దుగూకంగనే షిఫ్ట్‌కు పోవాలంటడు. మిల్లు మూతపడి ఏండ్లైందని వాదిస్తే కోపమొస్తది. "చాయ్ తాగి పోదువు తియ్" అని మిల్లు ముచ్చట పెట్టిపియ్యిండ్రి, సల్లబడ్తడు. తప్పిపోతే ముందుగాల పాత బస్తీకి, పాత పని జాగకు మనిషిని తోలుండ్రి. 24 గంటలు ఆగాలన్న రూలేం లేదు, వెంటనే 112కు చెయ్యిండ్రి. బనీను లోపల, రవిక లోపల ఫోన్ నంబరు కుట్టుండ్రి, జేబుల కాగితం నిలవది. పెద్దోళ్ల సాయానికి 14567 ఉన్నది, దాన్ని రాసుకోండ్రి.

టైమైందని చిట్టీ వచ్చింది. తలుపులు మార్చే వడ్ల ఆయన మెట్ల దగ్గర కూసున్నడు. ఇంటి నంబరు, బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటదా బయటికా, గీ రెండు రాయించిపోండ్రి. రేపు ఎ బ్లాకు కింది అంతస్తు నుంచి మొదలు పెడ్తడు.