స్నోలో రియర్ వీల్ డ్రైవ్ కారు: ఆదివారం ఫోన్-ఇన్ పూర్తి పాఠం

(అమెరికా, కెనడాల్లోని తెలుగువారి కోసం నడిచే ఇంటర్నెట్ రేడియో కార్యక్రమం. స్టూడియోలో ఉన్న నిపుణుడు మిషిగన్‌లో బ్రేకులు, స్టెబిలిటీ కంట్రోల్ విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్న ఇంజనీర్. ఫోన్ చేసినవారి పేర్లు తీసేశాం, ఊళ్ళు మాత్రం ఉంచాం.)

యాంకర్: అందరికీ నమస్కారం. డిసెంబర్ వచ్చేసింది, స్నో మొదలైపోయింది. ఈ వారం రియర్ వీల్ డ్రైవ్ కార్ల గురించి మాట్లాడుకుందాం. సర్, కాల్స్ తీసుకునే ముందు ఒక్క మాట చెప్పండి. ఈ కార్లకి స్నోలో ప్రత్యేకంగా ఇబ్బంది ఎందుకు?

నిపుణుడు: నమస్కారం అమ్మా. ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజను బరువంతా ఆ చక్రాల మీదే ఉంటుంది. అందుకని వాటికి పట్టు దొరుకుతుంది. రియర్ వీల్ కారులో ఇంజను ముందుంటుంది, తిరిగి నెట్టేవి వెనక చక్రాలు. గ్యాస్, అంటే యాక్సిలరేటర్, కాస్త గట్టిగా నొక్కితే అవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. మలుపులో నొక్కితే కారు వెనక భాగం పక్కకి జారిపోతుంది. ఖాళీ పికప్ ట్రక్కుకైతే వెనక బరువే ఉండదు, ఇంకా కష్టం. అలాగని భయపడి కారు అమ్మేయక్కర్లేదు. 1970ల దాకా అమెరికా రోడ్ల మీద తిరిగినవి ఎక్కువగా ఈ రకం కార్లే, చలికాలాలన్నీ వాటితోనే గడిపారు. అయితే టైర్లు సరైనవి ఉండాలి. ఇవాళ ఎవరు ఏది అడిగినా నేను మళ్ళీ టైర్ల దగ్గరికే వస్తాను, ఏమనుకోవద్దు.

యాంకర్: మొదటి కాల్, బఫెలో నుంచి. చెప్పండి.

కాలర్ (బఫెలో): హలో అన్నా, నమస్తే. నేను ఇక్కడ ఎం.ఎస్. చేస్తున్నా. ఆగస్టులో ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ తీసుకున్నా అన్నా, 2014 మోడల్, స్పోర్ట్ ప్యాకేజీ. సీనియర్ ఒకన్న ఇండియా వెళ్ళిపోతూ ఇచ్చాడు. కారు బాగుంది. మొన్న గురువారం పార్ట్‌టైమ్ నుంచి వస్తుంటే లెఫ్ట్ టర్న్ తీసుకునే దగ్గర వెనకంతా తిరిగిపోయింది అన్నా. స్పీడ్ కూడా లేదు, పదిహేనో ఇరవయ్యో మైళ్ళు ఉంటుంది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. రూమ్మేట్స్ డిక్కీలో ఇసుక బస్తాలు వేస్తే సరిపోతుందంటున్నారు. ఎన్ని వేయాలి?

నిపుణుడు: ముందు నువ్వు బాగానే ఉన్నావు, అది చాలు. బస్తాల సంగతి తర్వాత చూద్దాం. టైర్లు ఏవి తమ్ముడూ?

కాలర్ (బఫెలో): కొత్తవే అన్నా, ట్రెడ్ బాగుంది.

నిపుణుడు: ట్రెడ్, అంటే టైరు మీద గాళ్ళు, అడగలేదు, ఏ రకమో అడుగుతున్నా. టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ ఉందా? పోనీ, ఎమ్, ఎస్ అనే అక్షరాలు?

కాలర్ (బఫెలో): ఫోటో ఉందన్నా, ఒక్క నిమిషం... బొమ్మ లేదు. ఎమ్, ఎస్ కూడా లేదు. 225 అని ఉంది. వెనక టైరు మీద 255 ఉంది.

నిపుణుడు: తెలిసిపోయింది. స్నోకి పనికొస్తాయని చెప్పే ఆ గుర్తులేవీ లేవంటే అవి సమ్మర్ టైర్లు. స్పోర్ట్ ప్యాకేజీ కార్లకి చాలాసార్లు అవే వస్తాయి. టెంపరేచర్ 45 ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ కంటే తగ్గితే ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. ఇక స్నో దాకా ఎందుకు, చల్లటి తడి రోడ్డు మీద కూడా పట్టు ఉండదు. ట్రెడ్ ఎంత కొత్తదైనా ఒకటే. గురువారం నీ డ్రైవింగ్‌లో తప్పేమీ లేదు, ఆ టైర్లతో ఎవరికైనా అదే జరిగేది.

కాలర్ (బఫెలో): అవునా అన్నా... కానీ నాలుగు టైర్లంటే ఎనిమిది వందల డాలర్లు చెప్తున్నారు. నెక్స్ట్ సెమిస్టర్ ఫీజు కూడా ఉంది. ఇసుక ఓ రెండొందల పౌండ్లు వేస్తే ఈ ఒక్క సీజన్ గడవదా?

నిపుణుడు: గడవదు. ఇసుక వేస్తే కారు కదలడానికి కాస్త సాయం దొరుకుతుంది. ఆగడానికి రాదు, మలుపు తిరగడానికీ రాదు. పైగా బరువు పెరిగింది కాబట్టి ఆగడానికి ఇంకా దూరం పడుతుంది. డిక్కీ చివర వేస్తే ముందు చక్రాల మీద బరువు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. పికప్ వాళ్ళు వేసుకుంటారు, అది వేరే సంగతి. వాళ్ళైనా సరిగ్గా వెనక యాక్సిల్ మీదికి వచ్చేట్టు వేసి కదలకుండా కట్టేయాలి. నీకు కావలసింది నాలుగు వింటర్ టైర్లు.

కాలర్ (బఫెలో): అర్థమైంది అన్నా. మరి... తిరిగేది వెనక చక్రాలే కదా. వెనక రెండే మారిస్తే? నాలుగు వందల్లో అయిపోతుంది.

నిపుణుడు: వద్దు తమ్ముడూ. వెనక రెండే మారిస్తే కారు చక్కగా బయల్దేరుతుంది, నీకు ధైర్యం వచ్చేస్తుంది. సిగ్నల్ దగ్గర బ్రేక్ వేస్తావు. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే, వాటికేమో పట్టు లేదు. స్టీరింగ్ తిప్పినా తిన్నగా ఎదుటి బండిలోకే పోతుంది. టైర్లు నాలుగూ ఒకేసారి మార్చాలి. రెండు అన్న మాట ఇక నా దగ్గర ఎత్తకు.

కాలర్ (బఫెలో): సరే అన్నా, సారీ.

నిపుణుడు: సారీ ఎందుకు, డబ్బు సంగతి నాకు తెలియనిది కాదు. ఖర్చు తగ్గే దారి ఉంది, విను. ఓనర్ మాన్యువల్‌లో ఆ కారుకి ఇంకా ఏ సైజులు సరిపోతాయో ఉంటుంది. బ్రేకులకి తగలనంత వరకూ చిన్న రిమ్, కాస్త సన్నటి టైరు, నాలుగూ ఒకే సైజు తీసుకో. చిన్న సైజు చవక. స్నోలో సన్నటి టైరే మేలు, మంచుని కోసుకుంటూ కిందికి దిగుతుంది. సెకండ్ హ్యాండ్ రిమ్ములతో సహా అమ్మేవాళ్ళు ఉంటారు. కొనేటప్పుడు మాత్రం టైరు మీద డాట్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు చూడు. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. ఆరేడేళ్ళు దాటిన వింటర్ టైరు ఎంత చవకగా ఇచ్చినా వద్దు, రబ్బరు ఎండిపోయి ఉంటుంది. ట్రెడ్ లోతు అంగుళంలో 32 భాగాలకి 6 అయినా ఉండాలి. చట్టం చాలా రాష్ట్రాల్లో 2 ఉంటే చాలంటుంది, స్నోలో అది చాలదు.

కాలర్ (బఫెలో): ఓకే అన్నా. ఇంకొక్కటి. మళ్ళీ జారితే ఏం చేయాలి? మొన్న నేను బ్రేక్ తొక్కేశా.

నిపుణుడు: అందరి కాలూ ముందు అటే పోతుంది. వెనక జారుతోందంటే మొదట గ్యాస్ మీంచి కాలు తీసేయ్. బ్రేక్ గట్టిగా తొక్కకు. నువ్వు వెళ్ళాల్సిన వైపు చూడు. గుద్దుకుంటానేమో అని స్తంభం వైపు చూశావా, చెయ్యి కూడా అటే తిప్పేస్తుంది. చూసిన వైపే స్టీరింగ్ తిప్పు. కారు దారిలోకి రాగానే స్టీరింగ్‌ని కూడా వెంటనే తిన్నగా తెచ్చెయ్, ఆలస్యమైతే రెండో పక్కకి విసిరేస్తుంది. తిన్నటి రోడ్డు మీద ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందనుకో, అప్పుడు మాత్రం ఏబీఎస్, అంటే బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, ఉన్న కారులో బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోవడమే. కాలి కింద దడదడలాడుతుంది, వదలకు.

ఇంకోటి గుర్తుపెట్టుకో. టైరు పట్టు జేబులో వంద రూపాయల్లాంటిది. ఎనభై బ్రేకుకి ఖర్చు పెడితే మలుపుకి మిగిలేది తక్కువ. స్నోలో ఆ వంద కాస్తా ఇరవై అయిపోతుంది. అందుకని తిన్నగా ఉన్నప్పుడే బ్రేక్ వేసి వేగం తగ్గించు. మలుపులో బ్రేకూ వద్దు, గ్యాసూ వద్దు. కారు తిన్నగా అయ్యాకే మెల్లగా గ్యాస్.

కాలర్ (బఫెలో): స్టెబిలిటీ కంట్రోల్ ఉంది కదన్నా కారులో, అది ఆపదా?

నిపుణుడు: 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ అది తప్పనిసరి. నేను పనిచేసేదే దాని మీద కాబట్టి చెప్తున్నా, చాలామంది ప్రాణాలు కాపాడే వస్తువు అది. కానీ అది చేసేదల్లా ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేయడం, ఇంజను జోరు తగ్గించడం. ఆ చక్రానికి పట్టే లేకపోతే అదేం చేస్తుంది? దాన్ని ఎప్పుడూ ఆపెయ్యకు. కూరుకుపోయి బయటికి రావాలంటే మాత్రం చక్రాలు ఉన్నచోటే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌ని కాసేపు ఆపి, ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపి తియ్యి. రాగానే మళ్ళీ ఆన్ చెయ్యి.

యాంకర్: సర్, మిగతా కాల్స్ కూడా ఉన్నాయి...

నిపుణుడు: ఒక్క మాటమ్మా, బఫెలో కాబట్టి. అక్కడ ఈరీ సరస్సు మీంచి వచ్చే స్నో ఒక పట్టీలా పడుతుంది. యూనివర్సిటీ దగ్గర రోడ్డు మామూలుగా కనిపిస్తున్నా దక్షిణం వైపు అడుగుల్లో పడుతూ ఉండొచ్చు. 2022 నవంబర్‌లో హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్ వైపు 6 అడుగుల పైన పడింది. అదే ఏడాది క్రిస్మస్ బ్లిజార్డ్‌లో ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు, కొందరు కార్లలోనే. ట్రావెల్ బ్యాన్, అంటే రోడ్డు మీదికి బండ్లు రావద్దని ఆర్డర్, పెట్టారంటే షిఫ్ట్ పోయినా ఫర్వాలేదు, తాళం తియ్యొద్దు. ఎప్పుడైనా కారులో చిక్కుకుంటే సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీశాకే ఇంజను ఆన్ చెయ్యి, అదీ కాసేపే. ఒక కిటికీ కొద్దిగా దించి ఉంచు. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు. టైర్లు మారేదాకా బస్సులో వెళ్తావా?

కాలర్ (బఫెలో): వెళ్తానన్నా. థ్యాంక్యూ అన్నా.

యాంకర్: థ్యాంక్యూ. న్యూజెర్సీ కాలర్, లైన్‌లో ఉన్నారా?

కాలర్ (ఎడిసన్): హాయ్ అండీ. మాది టెస్లా మోడల్ 3, రియర్ వీల్ డ్రైవ్. మోటార్ వెనకే ఉంటుంది కాబట్టి మీరు చెప్పిన బరువు సమస్య మాకు లేనట్టే కదా?

నిపుణుడు: చాలావరకు లేదండీ. బ్యాటరీ కింద పరుచుకుని ఉంటుంది, మోటార్ వెనక చక్రాల దగ్గర ఉంటుంది, ట్రాక్షన్ కంట్రోల్ కూడా చాలా వేగంగా స్పందిస్తుంది. కానీ ఒకటుంది. గ్యాస్ పెడల్ వదలగానే రీజెనరేటివ్ బ్రేకింగ్, అంటే మోటారే కారుని నెమ్మదింపజేసి బ్యాటరీ నింపుకోవడం, వెనక చక్రాలనే పట్టి ఆపుతుంది. ఐస్ మీద అది వెనక జారడానికి కారణం కావచ్చు. కాలు టక్కున తీయకుండా నెమ్మదిగా వదలండి. యాక్సిలరేషన్‌ని చిల్ మోడ్‌లో, అంటే మెల్లగా వేగం పుంజుకునే సెట్టింగులో పెట్టుకోండి. గేరు కార్లు నడిపేవాళ్ళకీ ఇదే మాట. జారే రోడ్డు మీద ఒక్కసారిగా కింది గేరు వేస్తే వెనక చక్రాలు బిగుసుకుంటాయి. టైర్లు ఏవి మీవి?

కాలర్ (ఎడిసన్): ఆల్ సీజన్.

నిపుణుడు: మీ వైపు రోడ్లు త్వరగానే శుభ్రం చేస్తారు. ఊళ్ళో తిరగడానికైతే ఆ కొండ బొమ్మ ఉన్న ఆల్ వెదర్ టైర్లు, అంటే ఏడాదంతా వాడుకునేవే అయినా స్నోకీ పనికొచ్చేవి, సరిపోవచ్చు. పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల వైపు స్కీయింగ్‌కి వెళ్ళే అలవాటుంటే మాత్రం వింటర్ టైర్లే. నాలుగూ.

యాంకర్: థ్యాంక్యూ అండీ. తర్వాత గుంటూరు నుంచి కాల్. నమస్కారమమ్మా.

కాలర్ (గుంటూరు): నమస్కారమమ్మా. నమస్కారం బాబూ. మా అబ్బాయి డెట్రాయిట్ పక్కన ఉంటాడు. పొద్దున్నే నాలుగింటికి డ్యూటీకి బయల్దేరతాడు. వాట్సాప్‌లో ఆ మంచు ఫోటోలు చూస్తే నాకు ఇక్కడ నిద్ర పట్టట్లేదు. దారిలో ఉన్నప్పుడు ఫోన్ చేస్తుంటా, ఎత్తకపోతే ఇంకా కంగారు.

నిపుణుడు: అమ్మా, నేనూ అక్కడే ఉంటాను. ఇక్కడ రాత్రంతా ఉప్పు చల్లుతారు, మంచు తీసే బండ్లు తిరుగుతూనే ఉంటాయి. కంగారు పడకండి. అయితే 15 ఫారెన్‌హీట్ కంటే చలి పెరిగితే మామూలు ఉప్పు సరిగ్గా పనిచేయదు. బ్రిడ్జిల మీద రోడ్డు అన్నిటికంటే ముందు గడ్డకడుతుంది, కింద నుంచీ చలిగాలి తగులుతుంది కదా. తెల్లవారుజామున చూడ్డానికి తడిగా ఉన్నట్టే ఉంటుంది, అది ఐసే. ఆ టైమ్‌లో ఫోన్ మోగితే వాడి దృష్టి మళ్ళుతుంది. మీరు ఫోన్ చేయకండమ్మా, చేరాక వాణ్ణే మెసేజ్ పెట్టమనండి.

కాలర్ (గుంటూరు): అట్లాగే బాబూ, ఇవాళ్టి నుంచి చెయ్యను. వాడి కారు వెనక చక్రాలదో ముందు చక్రాలదో నాకు తెలీదు.

నిపుణుడు: ఏదైనా ఫర్వాలేదమ్మా. టైర్లు నాలుగూ వింటర్‌వేనా అని అడగండి. చలికి టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోతే దాదాపు ఒక పీఎస్ఐ, అంటే గాలి కొలిచే మీటరు మీద ఒక పాయింటు. అది కూడా చూసుకోమనండి. తల్లి అడిగితే చేస్తాడు.

యాంకర్: థ్యాంక్యూ అమ్మా. మాంట్రియల్?

కాలర్ (మాంట్రియల్): సర్, క్విబెక్‌లో వింటర్ టైర్లు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు తప్పనిసరి కదా. మార్చి 16న తీసేయొచ్చా?

నిపుణుడు: చట్టం ప్రకారం తీసేయొచ్చు. మీ ఊళ్ళో ఏప్రిల్‌లో కూడా స్నో పడుతుంది. క్యాలెండర్ కాకుండా థర్మామీటర్ చూడండి. పొద్దునపూట 7 సెల్సియస్ పైన నిలకడగా ఉన్నప్పుడు మార్చండి.

కాలర్ (మాంట్రియల్): మరి నాలుగు చక్రాలూ నెట్టే ఆల్ వీల్ డ్రైవ్‌కి మారితే...

నిపుణుడు: కదలడానికి పనికొస్తుంది. ఆగడానికి ప్రతి కారుకీ నాలుగు చక్రాల బ్రేకులే కదండీ. ఆ ధైర్యంతో వేగంగా వెళ్ళి డిచ్‌లో పడ్డ ఎస్‌యూవీలు ఇక్కడ ప్రతి స్నోకీ కనిపిస్తాయి.

యాంకర్: థ్యాంక్యూ. ఆఖరి కాల్, హైదరాబాద్. త్వరగా చెప్పండి, రెండు నిమిషాలే ఉన్నాయి.

కాలర్ (హైదరాబాద్): సార్, జనవరిలో ఫ్యామిలీతో మనాలీ పోతున్నాం, మా ఇన్నోవా క్రిస్టాలోనే. మా డ్రైవర్ శ్రీశైలం ఘాట్ అంతా మస్తు నడిపిండు.

నిపుణుడు: క్రిస్టా రియర్ వీల్ డ్రైవే. స్నో పడ్డాక సోలాంగ్ దాటి అటల్ టన్నెల్ వైపు చాలాసార్లు ఫోర్ బై ఫోర్ బండ్లనే వదులుతారు, పోలీసులు ఆపితే వాదించకండి. మనాలీలో బండి పెట్టేసి, పైకి అక్కడి ఫోర్ బై ఫోర్ టాక్సీ మాట్లాడుకోండి. వాళ్ళకి ఆ రోడ్డు తెలుసు. ఘాట్ ఎక్కడం వేరు, ఐస్ మీద దిగడం వేరు.

కాలర్ (హైదరాబాద్): టైర్లకు చుట్టే చైన్లు కొనుక్కొని పోతే?

నిపుణుడు: ఈ బండికైతే వెనక చక్రాలకి కట్టాలి. వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు, స్నో లేని రోడ్డు రాగానే విప్పేయాలి. మీ డ్రైవర్ ఎప్పుడైనా కట్టాడా? లేకపోతే అక్కడ చలిలో పిల్లల్ని బండిలో కూర్చోబెట్టి నేర్చుకునే పని కాదది. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి కట్టించి, విప్పించి చూడండి. ముందు సైజు సరిపోయిందో లేదో అక్కడే...

యాంకర్: సర్, టైమ్ అయిపోయింది. లైన్‌లో ఉన్న మిన్నియాపొలిస్, రోచెస్టర్ కాలర్లు క్షమించాలి, వచ్చే ఆదివారం మిమ్మల్నే ముందు తీసుకుంటాం. సర్, ధన్యవాదాలు.

నిపుణుడు: ధన్యవాదాలమ్మా. రోచెస్టర్ వాళ్ళు వచ్చే వారం ఫోన్ చేసేటప్పుడు టైరు మీద నంబర్లు రాసుకుని కూర్చోండి.