రాయగడలో స్టాంప్డ్ కాంక్రీట్ వాకిలి: ఒక వానాకాలం తర్వాత నా రివ్యూ

నమస్కారమండీ. ఇప్పుడు మీకు స్క్రీన్ మీద కనిపిస్తున్నది రాయి కాదు, టైల్ కాదు, కాంక్రీటే. గేటు నుంచి పోర్టికో దాకా ఒకే పోత పోసి, పైన నాపరాళ్లు పరిచినట్టు అచ్చు వేశారు. దీన్ని స్టాంప్డ్ కాంక్రీట్ అంటారు. ఒడిశాలోని రాయగడలో మా ఇంటి ముందు వేయించాను. ఒక వానాకాలం మొత్తం దీని మీద కురిసి వెళ్లింది. కారు రోజూ ఎక్కి దిగుతోంది. పని అయిన రోజు తీసిన వీడియోలు మీరు బోలెడు చూసి ఉంటారు. ఆ రోజు ఎవరి వాకిలైనా మెరుస్తుంది. వానలు వెళ్లాక ఎలా ఉంది, అసలు చూడాల్సింది అదే.

చాలామంది మొదట అడిగేది డిజైన్ గురించే. ఏ అచ్చు బాగుంటుంది, ఏ రంగు బాగుంటుంది అని. నేను మాత్రం ముందు మట్టి గురించే మాట్లాడతాను. అచ్చు నొక్కే పని గంటలో అయిపోతుంది. వాకిలి పదేళ్లు నిలబడుతుందా, రెండేళ్లకే పగులుతుందా అన్నది మాత్రం అంతకుముందే, కింద తేలిపోతుంది.

మా వైపు చాలా స్థలాలు కొండవాలులోనే ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడు ముందు భాగంలో ఎర్రమట్టి పోసి ఎత్తు చేస్తారు. ఆ పోసిన మట్టి సరిగ్గా దిగకముందే కాంక్రీటు వేస్తే, కింద మట్టి కుంగుతుంది, పైన పలక విరుగుతుంది. ఎంత మంచి సిమెంటు వాడినా దాన్ని ఆపలేదు. అందుకే మెత్తగా ఉన్న మట్టి తీసేయించి, 4 నుంచి 6 అంగుళాల మందంలో గ్రావెల్ పోయించి, తడిపి, ప్లేట్ కంపాక్టర్‌తో, అంటే నేలని అదిమి గట్టిపరిచే మెషీన్‌తో కొట్టించాలి. మొత్తం ఒకేసారి పోసి కొడితే పైపైనే గట్టిపడుతుంది. రెండు పొరలుగా పోసి, ఒక్కో పొరా విడిగా కొట్టించండి. మడమతో గట్టిగా తొక్కితే గుంట పడకూడదు.

ఇక వాలు. అడుగుకు పావు అంగుళం చొప్పున రోడ్డు వైపుకి ఉండాలి. అంటే 20 అడుగుల పొడవుకి 5 అంగుళాల తేడా. వినడానికి ఎక్కువ అనిపిస్తుంది కానీ కంటికి అంతగా తెలియదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా మనకి వానలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. అక్టోబర్‌లో తుఫాను వస్తే సంగతి వేరే. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పక్కనే గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో మనందరం చూశాం. వాకిట్లో పడిన నీళ్లు పోర్టికోలోకి రాకూడదు, మధ్యలో నిలవకూడదు. నీళ్లు నిలిచిన చోటే నాచు పడుతుంది. కాంక్రీటు వేయకముందే, అంచుల్లో అడ్డుగా కట్టిన సెంట్రింగ్ చెక్కల మధ్య నీటి పైపు లెవెల్ పట్టించి మీరే దగ్గరుండి చూసుకోండి. వేశాక వాలు తప్పిందంటే మళ్లీ పగలగొట్టడమే.

ఇంకొకటి. పలక కింద నుంచి అడ్డంగా 4 అంగుళాల పీవీసీ పైపు ఒకటి, వీలైతే రెండు, ఖాళీగా వేసి ఉంచండి. రేపు బోరు కేబుల్ మార్చాలన్నా, గార్డెన్‌కి నీటి లైను లాగాలన్నా, సీసీ కెమెరా వైరు తీయాలన్నా ఆ పైపే దారి. పేవర్ బ్లాకులైతే నాలుగు లేపి పని చేసుకుని మళ్లీ పెట్టేస్తారు. దీనికి ఆ వీలు లేదు. కోస్తే అతుకు కనిపిస్తుంది, రంగు ఎప్పటికీ కలవదు.

మందం విషయానికొస్తే, కారు తిరిగే చోట 4 అంగుళాలు సరిపోతుంది. ఇసుక లారీ, ట్రాక్టర్ లోపలికి వస్తాయనుకుంటే 6 అంగుళాలు వేయించండి. 8 ఎంఎం రాడ్లతో జాలీ కట్టి, అది నేలకి తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు, అంటే కవర్ బ్లాకులు, కింద పెట్టాలి. లేకపోతే కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు జాలీ మీద నడిచి దాన్ని నేలకి అంటించేస్తారు, అప్పుడు ఆ ఇనుము ఉన్నా లేనట్టే. ఇనుము పగుళ్లను రానివ్వదు అని కొందరు మేస్త్రీలు చెబుతారు. అది నిజం కాదండీ. వచ్చిన పగులు విచ్చుకుపోకుండా పట్టి ఉంచడమే ఇనుము చేసే పని.

పగుళ్ల సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే నాకు ఎక్కువ వచ్చే ప్రశ్న ఇదే. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఎక్కడ పగలాలో మనం ముందే నిర్ణయించడమే జాయింట్ కట్టింగ్. 4 అంగుళాల పలకకి 8 నుంచి 10 అడుగులకి ఒక గాటు, మందంలో నాలుగో వంతు లోతు, అంటే ఒక అంగుళం. ఇదిగో, ఇక్కడ దగ్గరగా చూడండి. ఈ గీత అచ్చులో రాళ్ల మధ్య సందులా కనిపిస్తోంది కదా, కానీ మెషీన్‌తో కోసిన గాటు ఇది. ముందే కాగితం మీద డిజైన్, గాట్లు రెండూ కలిపి గీసుకున్నాం కాబట్టి దాక్కుంది. ఆ ప్లాన్ లేకపోతే అందమైన రాయి బొమ్మ మధ్యలోంచి అడ్డంగా గీత పోతుంది. ఇంటి గోడ, గేటు స్తంభం, మ్యాన్‌హోల్ అంచు, వీటికి పలక నేరుగా అంటుకోకుండా మధ్యలో పలుచటి ఫోమ్ షీటు పెట్టించండి. గోడ కదిలే తీరు వేరు, పలక కదిలే తీరు వేరు.

కాంక్రీటు బలం ఎం20 గ్రేడు కన్నా తక్కువ వద్దు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఎం20 వరకు కొలతల మిక్స్, అంటే ముందే నిర్ణయించిన పాళ్లు వాడొచ్చు, ఎం25 కావాలంటే డిజైన్ మిక్స్, అంటే మీ ఇసుక, కంకరకి పరీక్ష చేసి తేల్చిన పాళ్లు ఉండాలి. మిక్సర్ దగ్గర అసలు గొడవ నీళ్లతోనే. ఎం20 కొలతల మిక్స్‌లో 50 కిలోల సిమెంటు బస్తాకి 30 లీటర్లు దాటకూడదు, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోకే వస్తుంది. మాలు సులువుగా జారాలని కూలీలు ఇంకో బకెట్ పోసేస్తారు. దాంతో బలం తగ్గుతుంది, పైగా ఒక్కో మిక్స్‌కీ రంగు ఒక్కోలా వస్తుంది. బకెట్ మీద గీత గీసి, ఆ గీత వరకే అని మనిషిని నిలబెట్టండి. నాగావళి ఇసుక వాడితే ఒక గాజు సీసాలో ఇసుక, నీళ్లు వేసి కలిపి కాసేపు ఉంచండి. పైన బురద పొర మందంగా పేరుకుంటే ఆ లోడు వద్దనండి.

ఇప్పుడు అచ్చు వేసే రోజు. మా దగ్గర గ్రావెల్, ఇనుము, సెంట్రింగ్ పని ఊళ్లో మేస్త్రీ చేశాడు. రంగు, అచ్చు పనికి విశాఖపట్నం నుంచి టీమ్ వచ్చింది. ఆంధ్రకి ఆనుకుని ఉన్న మన సరిహద్దు ఊళ్లలో చాలామందికి ఇలాగే జరుగుతుంది. ఇక్కడ జాగ్రత్త. రేపు పగులు వస్తే ఒకరు మట్టి మీద, ఇంకొకరు మాలు మీద తోసేస్తారు. వాలు ఎవరి బాధ్యత, మందం ఎవరి బాధ్యత, గాట్లు ఎవరు కోస్తారు, ముందే కాగితం మీద రాయించండి. అచ్చు టీమ్ వచ్చి కింద బేస్ చూసి ఒప్పుకున్నాకే కాంక్రీటు పోయించాలి.

పోసి లెవెల్ చేశాక పైకి తేలిన నీరు పోయేదాకా ఆగుతారు. తర్వాత కలర్ హార్డెనర్ చల్లుతారు. ఇందులో సిమెంటు, సన్నటి ఇసుక, రంగు ఉంటాయి. రంగు ఇవ్వడమే కాదు, పై పొరని గట్టిపరుస్తుంది కూడా. చదరపు మీటరుకి సుమారు 3 కిలోలు పడుతుంది. 200 చదరపు అడుగులకి 55 కిలోల పైనే అన్నమాట. మీ ఇంటికి ఎన్ని బస్తాలు వచ్చాయో లెక్కపెట్టండి, తక్కువ వేస్తే ఏడాదికే కింద బూడిద రంగు బయటపడుతుంది. ఆ పైన రిలీజ్ పౌడర్ చల్లి, రబ్బరులాంటి పాలియూరిథేన్ మ్యాట్లు పరిచి దిమ్మిసతో కొడతారు. పౌడర్ మ్యాట్‌ని అంటుకోనివ్వదు, సందుల్లో మిగిలి రెండో రంగు ఇస్తుంది. రాయిలా కనిపించేది ఆ రెండో రంగు వల్లే.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది టైమింగ్. బొటనవేలితో నొక్కితే గట్టిగా కలిపిన చపాతీ పిండి మీద పడినట్టు గుర్తు పడాలి, వేలికి మాలు అంటకూడదు. అప్పుడే మొదలుపెట్టాలి. ముందే మొదలుపెడితే మనిషి బరువుకే దిగబడుతుంది, ఆలస్యమైతే అచ్చు పడదు. మే నెల ఎండలో ఆ సమయం చాలా తక్కువ ఉంటుంది, ఒక మూల గట్టిపడే లోపు ఇంకో మూలకి చేరలేరు. వానాకాలంలో పెట్టుకోవడం అసలే వద్దు, ఒక్క జల్లు రంగునంతా మచ్చలు చేస్తుంది. మనకి నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

మరుసటి రోజుకల్లా జాయింట్లు కోయించేయాలి, అంతకన్నా ఆలస్యమైతే పగులే ముందు దారి చేసుకుంటుంది. తర్వాత మిగిలిన పౌడర్ కడిగి క్యూరింగ్. బజార్లో దొరికేది ఎక్కువగా పీపీసీ, అంటే ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంటే, దానికి కనీసం 10 రోజులు తడి ఉండాలి. కానీ స్లాబు మీద కట్టినట్టు మడులు కట్టకండి, రంగు మచ్చలు పడుతుంది. ప్లాస్టిక్ షీటు పరిచినా ముడతలు పడిన చోట గుర్తులు వస్తాయి. శుభ్రమైన నీళ్లు సన్నగా, అంతటా ఒకేలా చల్లుతూ ఉండాలి. కారు కనీసం వారం వరకు ఎక్కించకండి, బరువు బండ్లకి 28 రోజులు.

ఆఖరుది సీలర్, అంటే రంగుని కాపాడటానికి పైన కొట్టే పూత. మా వీధిలో ఒకరింట్లో పలక ఇంకా చెమ్మగా ఉండగానే సీలర్ కొట్టేశారు. లోపలి తడి బయటికి పోలేక మొత్తం పాలు ఒలికినట్టు తెల్లబడింది. ఆ ఇంటావిడ పాపం ఎంత బాధపడ్డారో. చలికాలం పొద్దున్నే మంచు పడుతుంది కాబట్టి బాగా ఎండ వచ్చి నేల పొడిగా అయ్యాకే కొట్టించండి, పలుచగా రెండు కోటింగులు. ఒకటే మందంగా వద్దు. సీలర్‌లో జారకుండా ఉండే సన్నటి పొడి కలపమని తప్పకుండా అడగండి. మా అమ్మగారు రోజూ తెల్లవారుజామున ఇక్కడే నడుస్తారు, ఆ పొడి లేకుండా సీలర్ కొడితే తడిసినప్పుడు మనిషి నిలబడలేడు. వానాకాలం అంతా నేను ముఖ్యంగా చూసింది అదే, అమ్మగారు ఒక్కసారి కూడా జారలేదు.

మరి ఇప్పుడు ఎలా ఉందంటే, రంగు బాగా నిలిచింది. గాటు పక్కన వెంట్రుకంత సన్నటి గీత ఒకటి వచ్చింది, పెరగలేదు. కొళాయి కింద, నీడ పడే మూలలో కొంచెం నాచు పట్టింది, బ్రష్‌తో రుద్దితే పోయింది. టైర్లు తిరిగే చోట సీలర్ మెరుపు తగ్గింది, అది మామూలే, రెండు మూడేళ్లకోసారి మళ్లీ కొట్టాల్సిందే. ఆ ఖర్చు ఇష్టం లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. రంగు ఎంచుకునేటప్పుడు లేత బూడిద, క్రీమ్ వద్దని నా సలహా. మన ఎర్రమట్టి నీళ్లకి అవి మూడు వానల్లోనే మురికిగా కనిపిస్తాయి. ఇటుక రంగు, ముదురు గోధుమ మన నేలకి కలిసిపోతాయి.

ఇక ముగ్గు. ఇది ఏ కాంట్రాక్టరూ చెప్పడు. గరుకు అచ్చు మీద ముగ్గుపిండి గీత నిలవదు, సందుల్లోకి పోతుంది. మార్గశిర గురువారాల్లో మా పక్కింటి ఒడియా వాళ్లు బియ్యప్పిండి నీళ్లతో ఝోటి, అంటే వాళ్ల ముగ్గు, వేస్తారు, దానికి కూడా నున్నటి నేల కావాలి. ధనుర్మాసంలో వాకిట ముగ్గు లేకపోతే మన ఇల్లు మన ఇల్లులా ఉండదు. అందుకే గేటు లోపల ఇదిగో ఈ చదరం అచ్చు వేయకుండా, చుట్టూ అంచు గీసి ముదురు రంగులో నున్నగా వదిలేయమన్నాను. తెల్ల ముగ్గు దీని మీద ఎంత బాగా కనిపిస్తుందో చూడండి. మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఇదే.

పేవర్ బ్లాకులా, ఇదా అని అడిగితే, మీ వాకిట్లో పైపు పనులు ఇంకా మిగిలి ఉన్నా, కొత్తగా పోసిన మట్టి అయినా, అనుభవం ఉన్న టీమ్ దొరకకపోయినా పేవర్లే వేయించండి. కుంగితే సరిచేసుకోవచ్చు. నేల గట్టిది, టీమ్ చేసిన పాత ఇల్లు ఒకటి మీరు వెళ్లి కళ్లారా చూశారు అంటే స్టాంప్డ్ కాంక్రీట్ ధైర్యంగా వేయించుకోవచ్చు. కొత్త పని చూపిస్తామంటే వద్దనండి, రెండు వానాకాలాలు చూసిన వాకిలి చూపించమనండి. కొటేషన్‌లో చదరపు అడుగు రేటు ఒక్కటే కాకుండా బేస్, ఇనుము, హార్డెనర్ బస్తాలు, సీలర్ కోటింగులు విడివిడిగా రాయించండి. పని అయ్యాక మిగిలిన హార్డెనర్ అడిగి తీసుకుని, రంగు నంబరు డబ్బా మీదే రాసి, తడి తగలని చోట పెట్టండి. ఎక్కడైనా పెచ్చు లేస్తే ఆ డబ్బాయే కావాలి.

మీ ఊళ్లో, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఎవరైనా వేయించుకుని ఉంటే ఎన్ని వానలు చూసింది, సీలర్ ఎప్పుడు కొట్టించారు కింద రాయండి. ఉంటానండీ.