గోడ దగ్గర తేలిన పోటీలు: బుడాపెస్ట్ 2024 షార్ట్ కోర్సు ఈత ఛాంపియన్‌షిప్స్ రివ్యూ

నమస్కారం. 2024 డిసెంబరు 10 నుంచి 15 వరకు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో, డాన్యూబ్ నది ఒడ్డునున్న డునా అరీనాలో జరిగిన ప్రపంచ షార్ట్ కోర్సు ఈత పోటీల గురించి ఈ వీడియోలో మాట్లాడుకుందాం. ఒలింపిక్స్ జరిగిన ఏడాదే, చలికాలంలో, అలసిపోయిన ఈతగాళ్లతో జరిగే ఈ పోటీలను రెండో రకం పోటీలుగా చూడటం చాలామందికి అలవాటు. ఆ చూపుతో నేను ఏకీభవించను. కారణాలు చెబుతాను, అలాగే నాకు నచ్చని సంగతులనూ దాచను.

ముందుగా కొలను కొలతల సంగతి. ఒలింపిక్స్‌లో వాడే కొలను పొడవు 50 మీటర్లు, షార్ట్ కోర్సు కొలను పొడవు 25 మీటర్లు. వంద మీటర్ల రేసులో అక్కడ ఒక్కసారి మలుపు తిరిగితే, ఇక్కడ మూడుసార్లు తిరగాలి. బటర్‌ఫ్లై (రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత), బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈత), ఫ్రీస్టైల్ (నచ్చిన పద్ధతిలో ఈదే రేసు) రేసుల్లో గోడను తన్నిన తరువాత 15 మీటర్ల గుర్తు లోపల తల నీటిపైకి రావాలన్నది నియమం కాబట్టి, షార్ట్ కోర్సులో వంద మీటర్ల బటర్‌ఫ్లై ఈదే వ్యక్తి నియమం దాటకుండానే అరవై మీటర్ల దాకా నీటి అడుగున సాగిపోవచ్చు. పెద్ద కొలనులో ఆ అవకాశం ముప్పై మీటర్లకు మించదు. నీటి ఉపరితలం మీద శరీరం తానే అల లేపి, ఆ అలతోనే పెనుగులాడుతూ ముందుకు పోవాలి. అడుగున ఆ పెనుగులాట చాలా తక్కువ. గోడను తన్నిన క్షణంలో శరీరానికి అందే వేగం చేతులతో ఎంత ఈదినా రాదు. ఆ వేగాన్ని వృథా కానివ్వకుండా, రెండు చేతులు ఒకదానిపై ఒకటి బిగించి, తలను వాటి మధ్యకు లాక్కొని, ఛాతీ నుంచి పాదాల దాకా ఒకే అలలా కదిలే డాల్ఫిన్ కిక్‌తో ఎంతదూరం నిలుపుకోగలరన్నదే ఇక్కడి అసలు పరీక్ష.

మన ఊళ్లలో నడుముకు బెండు కట్టుకొని మోటబావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు గోడ అంటే ఊపిరి తీసుకోవడానికి పట్టుకు వేలాడే చోటు. నేనూ ఆ బాపతే కాబట్టి, గోడను ఆయుధంగా వాడే మనుషులను చూస్తే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఈ విద్యలో గ్రెచెన్ వాల్ష్‌ను మించినవాళ్లు ఆ ఆరు రోజుల్లో కనబడలేదు. ఇరవై ఒక్క ఏళ్ల ఈ అమెరికన్ ఏడు స్వర్ణాలు గెలిచి, రిలేలతో కలిపి పదకొండు ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. 50 మీటర్ల బటర్‌ఫ్లైని 23.94 సెకన్లలో ఈది, 24 సెకన్ల లోపు ముగించిన తొలి మహిళ అయింది. వంద మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్‌ను 52.71 సెకన్లలో పూర్తి చేసింది. అదే ఏడాది జూన్‌లో పెద్ద కొలనులో ఆమె నెలకొల్పిన ప్రపంచ రికార్డు 55.18 సెకన్లు. పారిస్ ఒలింపిక్స్‌లో 55.63 సెకన్లతో, సహచరి టోరీ హస్కే కంటే 0.04 సెకను వెనకబడి రజతంతో సరిపెట్టుకుంది. గోడ చలవతో గెలిచిందని ఆమెను తీసిపారేసినవారు లేకపోలేదు. అయితే 2025 మే నెలలో గోడలు తక్కువున్న 50 మీటర్ల కొలనులోనే ఆమె 54.60 సెకన్లతో రికార్డును మరింత కిందికి దించింది. కాబట్టి ఆ వాదనకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

అమెరికన్లకు ఈ నైపుణ్యం ఎక్కడి నుంచి వచ్చిందన్నది అర్థం చేసుకోవడం కష్టం కాదు. అక్కడి విశ్వవిద్యాలయాల పోటీలు 25 గజాల కొలనులో, అంటే 23 మీటర్లకైనా రాని కొలనులో జరుగుతాయి. వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున ఈదిన వాల్ష్‌కు బుడాపెస్ట్ కొలను కాస్త పొడవైనదిగానే తోచి ఉండాలి. అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కేట్ డగ్లస్ 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్పలా కాళ్లు తన్నే ఈత)లో 2 నిమిషాల 12.50 సెకన్లతో రికార్డు రాసింది.

పురుషుల విభాగంలో నన్ను కట్టిపడేసింది జోర్డన్ క్రూక్స్. కరీబియన్ సముద్రంలో లక్ష మందైనా లేని కేమన్ దీవుల నుంచి వచ్చి, టెనసీ విశ్వవిద్యాలయంలో తర్ఫీదు పొందిన ఈ యువకుడు 50 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్ (తొలి వడపోత రేసులు)లో 20.08 సెకన్లతో అమెరికా ఈతగాడు కేలబ్ డ్రెసెల్ రికార్డును చెరిపేశాడు. సెమీఫైనల్లో 19.90 సెకన్లలో గోడను అందుకొని, 20 సెకన్ల లోపు ఈదిన తొలి పురుషుడయ్యాడు. ఫైనల్లో అంత వేగం రాకపోయినా 20.19 సెకన్లతో స్వర్ణం అతనిదే. ఆటలో కొండగుర్తులా నిలిచిపోయే ఒక ఘట్టం ఫైనల్లో కాకుండా సెమీఫైనల్లో జరిగిపోవడం నాకు కొంచెం వెలితిగా అనిపించింది.

అమెరికా ఈతగాడు ల్యూక్ హాబ్సన్ సాధించిన రికార్డు వెనక ఇంకో కథ ఉంది. 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో జర్మనీ ఈతగాడు పాల్ బీడర్మన్ 2009 నవంబరులో నెలకొల్పిన 1 నిమిషం 39.37 సెకన్ల రికార్డు, శరీరాన్ని నీటిపై తేల్చే పాలియురెథేన్ సూట్ల కాలం నాటిది. 2010 ఆరంభంలో ఆ సూట్లను నిషేధించారు గానీ రికార్డు మాత్రం పదిహేనేళ్లు చెక్కుచెదరలేదు. హాబ్సన్ ముందు రిలే మొదటి అంచెలో 1 నిమిషం 38.91 సెకన్లతో దాన్ని దాటి, తరువాత వ్యక్తిగత ఫైనల్లో 1 నిమిషం 38.61 సెకన్లకు తగ్గించాడు. మామూలు నిక్కరుతో ఆ సూట్లను ఓడించిన రేసు కాబట్టి, ఈ పోటీల్లో పురుషుల రేసులన్నిటిలో దీనికే నా మొదటి ఓటు.

కెనడాకు చెందిన పద్దెనిమిదేళ్ల సమ్మర్ మెకింటాష్ 400 మీటర్ల ఫ్రీస్టైల్, 200 మీటర్ల బటర్‌ఫ్లై, 400 మీటర్ల మెడ్లే (నాలుగు రకాల ఈతలూ వరుసగా ఈదే రేసు) మూడింటా ప్రపంచ రికార్డులతో గెలిచింది. మెడ్లేలో ఆమె సమయం 4 నిమిషాల 15.48 సెకన్లు, అంతకుముందున్న రికార్డు కంటే మూడు సెకన్లకు పైగా తక్కువ. స్విట్జర్లాండ్‌కు చెందిన నోయే పోంటి 50, 100 మీటర్ల బటర్‌ఫ్లైలతో పాటు 100 మీటర్ల మెడ్లేలోనూ స్వర్ణాలు గెలిచాడు.

ఇక నచ్చనివి. ఆరు రోజుల్లో ముప్పై ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. మూడో రోజుకే రికార్డు అన్న మాట వింటే చెవులు నిక్కబొడుచుకోవడం మానేశాయి. విందులో ప్రతి వరుసకూ బొబ్బట్లే వడ్డించినట్టయింది. పారిస్‌లో నాలుగు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచిన ఫ్రాన్స్ ఈతగాడు లియాన్ మార్షాన్ రాకపోవడం పురుషుల మెడ్లే రేసులను చప్పబరిచింది. అన్నిటికంటే పెద్ద లోపం ప్రసారంలో ఉంది. రేసు తేలేది నీటి అడుగున అయితే, కెమెరా ఎక్కువసేపు నీటిపైనే తిరుగుతుంది. మలుపులో ఎవరు ఎంత సంపాదించారో తల పైకొచ్చాకగానీ మనకు తెలియదు.

ఒక్క రేసే చూసే తీరిక ఉన్నవారు మహిళల 100 మీటర్ల మెడ్లే ఫైనల్ చూడండి. ఒక్కో ఈతకు ఒక్కో పొడవు చొప్పున నాలుగు పొడవులు కావాలి కాబట్టి ఈ రేసు 50 మీటర్ల కొలనులో సాధ్యమే కాదు. హంగరీ దిగ్గజం కటింకా హోస్జూ 2017లో నెలకొల్పిన 56.51 సెకన్ల రికార్డును ఆమె సొంత దేశంలోనే వాల్ష్ సెమీఫైనల్లో 55.71కి, ఫైనల్లో 55.11కి దించింది. బ్యాక్‌స్ట్రోక్ నుంచి బ్రెస్ట్‌స్ట్రోక్‌కు మారే రెండో మలుపు దగ్గర వీడియో వేగం తగ్గించండి. వెల్లకిలా ఉండగానే చేత్తో గోడను తాకాలి, ఆ తరువాతే బోర్లా తిరగాలి. వాల్ష్ చెయ్యి గోడకు తగిలిన క్షణానికీ, పాదాలు ఆ గోడనే తన్నిన క్షణానికీ మధ్య ఎంత తక్కువ వ్యవధి ఉందో లెక్కపెట్టి, కింద కామెంట్లలో రాయండి.