ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నిర్వాహకులకు, పిల్లాజెల్లాతో తమ బస్సుల్లోనే ఇక్కడికి వచ్చిన కుటుంబాలకు వందనాలు. నాకిచ్చిన అంశం బస్సు ఇంటికి, అంటే ఇల్లుగా మార్చుకున్న బస్సుకి, సోలార్ కరెంటు. దాని దగ్గరికి వస్తాను. ముందు ఇంకో సంగతి చెప్పనివ్వండి.

నన్ను ఎవరు కలిసినా "ఎన్ని వాట్ల ఇన్వర్టర్ పెట్టించమంటారు?" అనే అడుగుతారు. కేబుల్ ఎంత మందం ఉండాలి, ఫ్యూజు ఎక్కడ పెట్టాలి అని అడిగేవాళ్లు లేరు. నా బాధంతా అదే.

1,500 వాట్ల కెటిల్ ఉందనుకోండి. ఇంట్లో 230 వోల్టుల మీద అది లాగేది ఆరున్నర ఆంపియర్లు. బస్సులో 12 వోల్టుల బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించి నడిపితే, ఇన్వర్టర్ తినేసేది కూడా కలుపుకుని, దాదాపు 140 ఆంపియర్లు. కరెంటు ఇరవై రెట్లు పెరిగితే అదే తీగలో వేడి నాలుగు వందల రెట్లు! ఇంటి వైరింగు తీగ అక్కడ ఎలా ఆగుతుంది? బొటనవేలంత కేబుల్ కావాలి. 24 వోల్టులు పెట్టుకుంటే ఆ కరెంటు సగమవుతుంది.

మా స్నేహితుడి బస్సులో ఫ్యూజు ఉంది. కానీ ఇన్వర్టర్ పక్కన పెట్టారు, బ్యాటరీకి మూడు మీటర్ల దూరంలో. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యలో కేబుల్ ఒకచోట ఇనుప ఫ్రేము అంచుకు ఒరుసుకుంటూ, కుదుపులకు తొడుగు అరిగిపోయింది. ఒక రాత్రి షార్టయింది. ఆ కరెంటు ఫ్యూజు దాకా వెళ్లనే లేదు, ఇంక అదెలా కొట్టేస్తుంది? పైబెర్తులో ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. ప్లైవుడ్ గోడ లోపలి నుంచి పొగ. వాళ్లను దుప్పట్లతో సహా ఎత్తుకుని కిందికి దిగారు. ఆపడానికి మెయిన్ స్విచ్ కూడా లేదు. స్పానర్ వెతికి టెర్మినల్ విప్పేదాకా ఆ తీగ ఎర్రగా కాలుతూనే ఉంది. వైరింగ్ చేసినాయన మర్నాడు అన్న మాట: "ఫ్యూజు వేశాను కదండీ!"

అమ్మా, అయ్యా, చేతులెత్తి అడుగుతున్నాను. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. పక్కనే మెయిన్ స్విచ్ ఉండాలి. ఇనుములోంచి కేబుల్ దూరే ప్రతిచోటా రబ్బరు బుష్ వెయ్యాలి.

టైమైపోతోందని సైగ చేస్తున్నారు. సరే, సోలార్ గురించి రెండు ముక్కలు. 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్-అవర్లు, అంటే 1,280 వాట్ల సామాను గంటసేపు నడిపేంత. ఇన్వర్టర్ లేకుండా నేరుగా బ్యాటరీ మీద నడిచే చిన్న డీసీ ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు రోజంతా నడుస్తాయి. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్ల మీద పెడితే అరగంటకే ఖాళీ. సోలార్ ప్యానెళ్లు ఎన్ని అనేది, రోజుకు ఎన్ని వాట్-అవర్లు వాడతారో లెక్క వేసుకున్నాకే. ఇంజిన్ ఆల్టర్నేటర్‌తో, అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే యంత్రంతో, ఛార్జింగ్ చేసేటప్పుడు మధ్యలో ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి.

నా బస్సు బయటే ఉంది. మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ పెట్టె మూత తీసి ఉంచాను. ఫ్యూజు ఎక్కడుందో, కేబుల్ ఎంత లావుందో వచ్చి చూడండి. మీ బస్సు వైరింగ్ ఫోటోలుంటే పట్టుకురండి, కూర్చుని చూద్దాం.