మొదటి బ్యాచ్ ఫోన్ కొంటే నిజంగానే బుక్కైపోతామా?

(స్క్రీన్ మీద: సీల్ తీయని రెండు ఫోన్ బాక్సులు, పక్కపక్కన)

"ఫస్ట్ సేల్‌లో కొనకు రా, రెండు మూడు నెలలు ఆగు, అప్పటికి మంచి పీసులొస్తాయి." ఈ మాట మీరు ఎవరో ఒకరి నోట వినే ఉంటారు, నేనైతే విన్నది చాలక పది మందికి చెప్పాను కూడా, ఏదో ఫ్యాక్టరీ లోపల తిరిగొచ్చినోడిలా. తర్వాత ఒకరోజు తీరిగ్గా కూర్చుని కంపెనీలే బయటపెట్టిన రీకాల్స్, ఫ్రీ రిపేర్ ప్రోగ్రాముల్లో ఏ నెలలో తయారైన ఫోన్లు ఉన్నాయా అని ఒక్కోటీ చూస్తూ పోతే, నేను చెప్తున్నది సగమే కరెక్టని తెలిసింది. ఆ రెండో సగం ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం.

ముందు కరెక్టయిన సగం. డిజైన్ అయిపోగానే ఫోన్‌ని లక్షల్లో తయారు చేసెయ్యరు, మధ్యలో ఈవీటీ, డీవీటీ, పీవీటీ (అంటే ఇంజనీరింగ్, డిజైన్, ప్రొడక్షన్ టెస్టులు) అని మూడు గండాలుంటాయి. ఈవీటీలో అసలు ఈ ఐడియా పనిచేస్తుందా అని చూస్తారు, డీవీటీలో కింద పడేసి, తడిపి, వేడెక్కించి, డిజైన్ తట్టుకుంటుందా అని చూస్తారు, పీవీటీలో అసలైన లైన్ మీద, అసలైన మెషీన్లతో, అసలైన స్పీడులో చేయగలమా అని చూస్తారు. ఆ తర్వాతే మాస్ ప్రొడక్షన్. కొన్ని వందల ఫోన్లలో కనపడని లోపం లక్షల్లో చేసినప్పుడు బయటపడుతుంది, ఎందుకంటే పది వేలల్లో ఒకటికి వచ్చే సమస్య ఐదొందల ఫోన్ల టెస్టులో దొరకడమంటే లాటరీయే. పైగా లాంచ్ డేట్ ముందే చెప్పేసుంటారు కాబట్టి లైన్ మీద ప్రెజర్ మామూలుగా ఉండదు.

(స్క్రీన్ మీద: ఐఫోన్ 6ఎస్, సెప్టెంబర్–అక్టోబర్ 2015)

ఐఫోన్ 6ఎస్ 2015 సెప్టెంబర్‌లో వచ్చింది. ఏడాది తర్వాత జనాలు గోల పెట్టారు, ఛార్జింగ్ ఉండగానే ఫోన్ ఠపీమని ఆగిపోతోందని. ఆపిల్ ఫ్రీగా బ్యాటరీ మారుస్తామంది, కానీ అందరికీ కాదు, 2015 సెప్టెంబర్, అక్టోబర్‌లలో తయారైన వాటిలో కొన్నింటికే. కారణమేంటంటే ఆ బ్యాటరీ భాగాలు ప్యాక్‌గా బిగించక ముందు ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపు బయట గాలిలో ఉండిపోయాయట. అచ్చంగా మొదటి రెండు నెలల సరుకు. అంతకుముందు ఐఫోన్ 5 పవర్ బటన్ కూడా అంతే, ఫోన్ 2012 సెప్టెంబర్‌లో వస్తే, 2013 మార్చి వరకు తయారైన వాటికే రిపేర్ ప్రోగ్రామ్ పెట్టారు. ఇవి చూస్తే "చెప్పానా" అనాలనిపిస్తుంది.

కాస్త ఆగండి.

(స్క్రీన్ మీద: ఐఫోన్ 11, నవంబర్ 2019 నుంచి మే 2020)

ఐఫోన్ 11 అమ్మకానికొచ్చింది 2019 సెప్టెంబర్‌లో. టచ్ పనిచేయట్లేదని రిపేర్ ప్రోగ్రామ్ పెట్టింది ఏ ఫోన్లకి? 2019 నవంబర్ నుంచి 2020 మే వరకు తయారైన వాటికి. అంటే లాంచ్ రోజు లైన్లో నిలబడి కొన్నోడు సేఫ్, నా మాట విని రెండు నెలలాగి కొన్నోడు బలి. ఐఫోన్ 14 ప్లస్ ఇంకా విచిత్రం, ఫోన్ వచ్చింది 2022 అక్టోబర్‌లో, వెనక కెమెరా ప్రివ్యూ రాని సమస్య మాత్రం 2023 ఏప్రిల్ 10 నుంచి 2024 ఏప్రిల్ 28 మధ్య తయారైన వాటిలో. ఆరు నెలల పాటు బానే చేసినోళ్లు ఆ తర్వాత ఏడాది పాటు ఎలా చెడగొట్టారు?

ఇక్కడే మనం పప్పులో కాలేసేది. ఫోన్ మోడల్ అంటే ఒకసారి సెట్ చేసి వదిలేసే వస్తువు అనుకుంటాం, రోజులు గడిచేకొద్దీ చెయ్యి తిరిగి మెరుగవుతూనే ఉంటుందనుకుంటాం. కానీ లోపల మారుతూనే ఉంటుంది. డిస్‌ప్లే ఒకరి దగ్గర సరిపోకపోతే రెండో సప్లయర్ వస్తాడు, లైన్ ఇంకో ఫ్యాక్టరీకి వెళ్తుంది, ఎక్కడో జిగురు మారుతుంది, స్క్రూ మారుతుంది. బాక్స్ మీద పేరు అదే, మోడల్ నంబర్ కూడా చాలాసార్లు అదే. మారిన ప్రతిసారీ ఆ భాగం వరకు మళ్లీ ఫస్ట్ బ్యాచే. హువావే పీ10 విషయంలో 2017లో ఇదే రచ్చ, ఒకే ఫోన్‌లో కొందరికి స్పీడ్ ఎక్కువున్న యూఎఫ్‌ఎస్ స్టోరేజ్, కొందరికి స్లో అయిన ఈఎమ్‌ఎమ్‌సీ వచ్చింది.

దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ గెలాక్సీ నోట్ 7, అందరికీ కాలిపోయిన ఫోన్‌గానే గుర్తుంది గానీ అసలు కథ రెండో భాగంలో ఉంది. 2016 ఆగస్టు 19న ఫోన్ వచ్చింది, సెప్టెంబర్ 2న దాదాపు 25 లక్షల ఫోన్లు వెనక్కి తీసుకుంటున్నామన్నారు. సరే, ఫస్ట్ బ్యాచ్ దెబ్బ అనుకుందాం. ఆ ఫోన్లలో బ్యాటరీ పై కుడి మూలలో చోటు చాలక లోపలి ఎలక్ట్రోడ్ వంగి షార్ట్ అయింది. వాటి బదులు ఇంకో సప్లయర్ బ్యాటరీ పెట్టి ఇచ్చిన "సేఫ్" ఫోన్లు కూడా అంటుకున్నాయి, అదీ పూర్తిగా వేరే కారణంతో, వెల్డింగ్ చేసిన చోట మొనలు మిగిలిపోయి, ప్లస్ మైనస్ పొరలు ఒకదానికొకటి తగలకుండా ఉంచే సెపరేటర్‌ని పొడిచేశాయి, కొన్నింటిలో ఇన్సులేషన్ టేపే లేదు. అక్టోబర్ 11 కల్లా ఫోన్‌నే ఆపేశారు. ఇవన్నీ సామ్‌సంగే 2017 జనవరిలో ప్రెస్ మీట్ పెట్టి చెప్పింది. అంటే మొదటి బ్యాచ్‌ని సరిచేయాలని హడావిడిగా చేసిన రెండో బ్యాచే కొంప ముంచింది.

మరి అందరికీ "కొత్త ఫోన్లలోనే ప్రాబ్లమ్స్ ఎక్కువ" అని ఎందుకనిపిస్తుంది? ఇది నాకు బాగా నచ్చిన పాయింట్.

(స్క్రీన్ మీద: స్నానాల తొట్టి ఆకారంలో ఒక గీత)

దీన్ని బాత్‌టబ్ కర్వ్ అంటారు. ఏ ఎలక్ట్రానిక్ వస్తువైనా మొదటి కొన్ని వారాల్లో పాడయ్యే ఛాన్స్ ఎక్కువ, ఆ గండం దాటితే చాలా కాలం ప్రశాంతంగా ఉంటుంది, చివర్లో అరుగుదల మొదలై మళ్లీ పెరుగుతుంది. కానీ ఈ గీత చెప్పేది మీ చేతిలో ఉన్న పీసు వయసు గురించి, ఆ మోడల్ వచ్చి ఎన్నాళ్లయిందనేది కాదు. లాంచైన ఏడాదికి కొన్నా మీ పీసుకి అది మొదటి వారమే కదా, ఆ గండం దానికీ ఉంటుంది. లాంచ్ టైమ్‌లో ఏమవుతుందంటే అమ్ముడైన ప్రతి ఫోనూ ఒకేసారి ఆ మొదటి వారాల్లో ఉంటుంది, కొన్నవాళ్లేమో భూతద్దం పెట్టి చూసే బ్యాచ్, దాంతో ఫిర్యాదులన్నీ ఒక్కసారిగా గుప్పుమంటాయి. ఏడాది తర్వాత కొన్న పీసు పాడైతే దాని మీద ఎవడు వీడియో చేస్తాడు చెప్పండి, నేనూ చేయను.

ఇంకో రకం ఉంది, ఎంత ఆగినా తీరనిది, డిజైన్ లోపం. ఐఫోన్ 4 ని ఎడమవైపు కింద పట్టుకుంటే సిగ్నల్ పడిపోయేది, 2010 జూన్‌లో ఫోనొస్తే జూలైలో ఫ్రీగా కేసులు పంచారు, యాంటెనా డిజైన్ అలాంటిది కాబట్టి లేటుగా కొన్నా అదే గతి. ఐఫోన్ 6 ప్లస్ టచ్ జబ్బు ఇంకా నెమ్మది, 2014లో వచ్చిన ఫోన్, బోర్డు మీద చిప్పులకి సపోర్టుగా పోసే అండర్‌ఫిల్ జిగురుని టచ్ చిప్ దగ్గర వేయడం మొదలెట్టింది 2016 మేలో అని తర్వాత కోర్టు కాగితాల్లో బయటపడింది. మంచి పీసు కోసం ఆగాలంటే దాదాపు రెండేళ్లు ఆగాలన్నమాట, అప్పటికి కొత్త మోడలే వచ్చేసింది.

సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం ఆగేవాళ్లకే ప్లస్, ఒప్పుకుంటా. ఐఫోన్ 15 ప్రో వేడెక్కుతోందని 2023లో దాని టైటానియం ఫ్రేమే కారణమని దాని మీద పడ్డారు అందరూ, వారాల్లోనే ఐఓఎస్ 17.0.3 అప్‌డేట్ వచ్చింది. అయితే ఆ అప్‌డేట్ మొదటి రోజు కొన్నోడికీ వచ్చింది, పీసు మారలేదు.

కాబట్టి నన్నెవరైనా అడిగితే ఇప్పుడు చెప్పేది వేరు. ఆగితే మంచి పీసు వస్తుందని గ్యారంటీ లేదు గానీ, అది డిజైన్ లోపమున్న మోడలా కాదా అనేది వేరేవాళ్ల డబ్బుతో తెలుస్తుంది, మడతపెట్టే ఫోన్ లాంటి కొత్త తరహాది అయితే నేనైతే ఖచ్చితంగా ఆగుతా. పాత డిజైన్‌కే చిన్న మార్పులు చేసిన మోడలైతే ఆగి పెద్దగా ఒరిగేదేం లేదు. ఎప్పుడు కొన్నా రిటర్న్ గడువు లోపల ఫోన్‌ని పిండేయండి. చీకటి గదిలో బ్రైట్‌నెస్ బాగా తగ్గించి బూడిద రంగు ఫోటో ఫుల్ స్క్రీన్ పెట్టి చూడండి, అన్ని కెమెరాలతో తెల్ల గోడని తీయండి, కాల్ మాట్లాడుతూ స్పీకర్ ఆన్ చేసి, ఆఫ్ చేసి చూడండి, ఒక రోజు గేమ్‌తో వేడెక్కించండి. కేసు, స్క్రీన్ గార్డు వేసి అపురూపంగా దాచుకుంటే లోపం గడువు దాటాకే బయటికొస్తుంది.

ఇదంతా ఎందుకింత పట్టుగా చెప్తున్నానంటే, బ్రాండ్ పేరు అనవసరం, ఒక ఫోన్ ఫస్ట్ సేల్‌లోనే కొన్నాను, ఆ బూడిద రంగు టెస్టులో కింది సగం లేత గులాబీ రంగులో కనపడింది, పగలు చూస్తే అసలు తెలీదు. రిటర్న్ చేసి, నా సొంత సలహా ప్రకారం రెండు నెలలాగి మళ్లీ అదే మోడల్ కొన్నా. స్క్రీన్ అద్దంలా ఉంది, ఆ సంబరంలో కెమెరా టెస్ట్ చేయడం మర్చిపోయా, లెన్స్ లోపల దుమ్ము రేణువు ఉందని గడువు అయిపోయిన నాలుగో రోజు తెలిసింది. ఈ వీడియో తీస్తున్నది దాంతోనే, కుడిపక్క పైన చిన్న మచ్చ కనపడుతోంది కదా, మీ స్క్రీన్ తుడుచుకోకండి, అది నాదే.